ఆలోచన చెప్పువాని కూలి

వైద్యుడు రోగిని చూచి రుసుము తీసికొనును. అందు మనకు దోషమేమియు కనబడదు. న్యాయవాది వాదించి తీసికొనును, ఉపాధ్యాయుడు బోధించి తీసికొనును, సంఘకాపరియు జీతము మీదనే ఇల్లు గడుపుకొనును. అయినను ఆలోచన చెప్పుటయే వృత్తిగా పెట్టుకొని, ఆలోచనకు వెల కట్టి, రశీదు వ్రాసి ఇచ్చువానిని చూచినప్పుడు మన మనస్సు కొంచెము వెనుకాడును. ఏల? మందు పని చేసినదో లేదో రోగి శరీరమే చెప్పును. గోడ నిలువుగా నున్నదో లేదో మట్టపుగుండు చెప్పును. ఆలోచన మంచిదో చెడ్డదో తెలియుటకు సంవత్సరములు పట్టును. ఒక్కొక్కసారి ఎన్నటికిని తెలియదు. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ఆలోచన కొనువాడు తాను ఏ మాట వినగోరుచున్నాడో తరచుగా ముందే ఎరిగియుండును. అమ్మువాడును దానిని ఎరిగియుండును.

అనువాదకుని అలవాటు చొప్పున ముందు మాటలను పరిశీలింతును. మన తెలుగు బైబిలులో ‘ఆలోచన’ అను మాట రెండు పనులు చేయును: ఒకడు తన మనస్సులో తలపోయుట ఒకటి, మరియొకనికి దారి చెప్పుట రెండవది. యెషయా గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో రాబోవు రాజునకు ఇయ్యబడిన బిరుదులలో ఒకదానిని మన అనువాదకులు ‘ఆలోచనకర్త’ అని తెనిగించిరి. హెబ్రీలో ఆ చోట ‘యోయేత్స్’ అను మాట యున్నది. సమూయేలు రెండవ గ్రంథములో దావీదు కొలువులోని అహీతోపెలునకును ఆ మాటయే వాడబడినది. రాబోవు రాజునకును, తన రాజును విడిచి తిరుగుబాటుదారునితో చేరిన మంత్రికిని ఒకే మాట చెల్లినది. ‘సలహా’ యన్నది ఉర్దూ ద్వారా మనకు వచ్చిన అరబ్బీ మాట. దాని మూలార్థము మంచితనము, చక్కగా నుండుట. ‘కన్సల్టెన్సీ’ అన్నచో మాత్రము నేటి మన పట్టణములలో జనులకు అమీరుపేటలో వీసాలు, ఉద్యోగములు చూపించు కార్యాలయములే తలపునకు వచ్చును. వాటి మంచిచెడ్డలు వేరొకరు వ్రాయవలసినవి.

నేను తలపెట్టినది మరియొక విధమైన సంస్థ. ఒక ధర్మసంస్థ గాని, ప్రభుత్వ శాఖ గాని, విదేశపు దాతలు గాని గ్రామములలో ఒక పథకమును నడిపినప్పుడు, ఆ పని నిజముగా జరిగినదా, దానివలన ఎవరికైనను మేలు కలిగినదా అని చూచి చెప్పుటకు బయటివారిని పిలుతురు. ఆ బయటివారిలో పెక్కుమంది చిన్న సలహా సంస్థలవారే. సికింద్రాబాదులో ఒక మేడమీది రెండు గదులలో తొమ్మిదిమందితో నడిచిన అట్టి సంస్థకు నేను 2011 మొదలు ఏడు సంవత్సరములు అనువాదపు పని చేసితిని. వారి ప్రశ్నావళులను ఇంగ్లీషునుండి తెలుగులోనికి, గ్రామస్థుల జవాబులను తెలుగునుండి ఇంగ్లీషులోనికి మార్చుట నా పని. వేదాంత గ్రంథముల అనువాదము ఇంటి అద్దెకు చాలదని ఈ పుటలు చదువువారిలో కొందరికి వేరుగా చెప్పనక్కరలేదు.

అట్టి చోట పని చేయుట ఎట్లుండును? పెద్ద సంస్థలో ఒక్కొక్కరికి ఒక్కొక్క బల్ల, ఒక్కొక్క పదవి, ఒక్కొక్క హద్దు ఉండును. ఇచ్చట అధిపతి తానే ప్రతిపాదన వ్రాయును, తానే బ్యాంకుకు పోవును, నీళ్ళ క్యాను తెచ్చువాడు రాని దినమున తానే దానిని మెట్లమీదికి మోసికొని వచ్చును. లెక్కలు చూచు గుమాస్తా మధ్యాహ్నము తరువాత ఫోను ఎత్తును. సర్వే పర్యవేక్షకురాలు దినమంతయు గ్రామములలో తిరిగి వచ్చి రాత్రి పదకొండు గంటలకు జిరాక్సు దుకాణము ముందు నిలువబడి నివేదికకు స్పైరల్ బైండింగు చేయించుకొనును. ఎవరి తండ్రికి రక్తపోటు ఎంత యున్నదో, ఎవరి చెల్లెలికి సంబంధము చూచుచున్నారో అందరికిని తెలియును. ఏ నెల జీతము ఏ పనినుండి వచ్చినదో అదియు అందరికిని తెలియును. ఈ చివరి సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను. నేను చెప్పదలచినదంతయు దానిమీదనే ఆధారపడియున్నది.

పని దొరకుట సులభము కాదు. పది ప్రతిపాదనలు పంపిన ఒకటి ఫలించుట మంచి సంవత్సరము. ప్రభుత్వపు టెండర్లలో సాంకేతిక ప్రతిపాదన ఒక కవరులో, ధర మరియొక కవరులో ఇయ్యవలెను. నాణ్యతను ధరను కలిపి తూచు పద్ధతిలో నాణ్యత పాలు నూటికి 80 మించరాదని కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములు చెప్పుచున్నవి. ఆ తూకము వరకు వచ్చుటకు ముందే, గడచిన మూడేండ్లలో ఇన్ని కోట్ల వ్యాపారము చేసియుండవలెనను షరతు చిన్నవారిని గుమ్మము బయటనే ఆపివేయును. పట్టభద్రుల పట్టికకును మార్కులుండును. ఒకసారి నా పి.హెచ్.డి. పట్టమును కూడ ఆ పట్టికలో చేర్చుదుమని అడిగిరి. చేర్చుడు గాని అది ఏ శాస్త్రములో పొందినదో కూడ వ్రాయుడంటిని. వ్రాసిరి. దైవశాస్త్రమునకు పారిశుద్ధ్య పథకములో ఒక మార్కును రాలేదు.

కాబట్టి చిన్న సంస్థలు తరచుగా పెద్ద సంస్థలయొద్ద ఉపగుత్తకు పని తీసికొనును. అట్టి నివేదికకు అట్టమీద పెద్ద సంస్థ పేరుండును. ఎండలో తిరిగి ఇంటింట అడిగినవారి పేరు ఎక్కడను ఉండదు. తెలిసినవాడు సంతకము చేయడు, సంతకము చేసినవానికి తెలియదు. ఇది మోసమని నేననను. ఒప్పందములో ఉన్నట్లే జరుగును. అయినను ఒక మాటకు పూచీపడువాడు ఎవడు అను ప్రశ్న అక్కడనే గాలిలో కలిసిపోవును.

ఇక కూలి సంగతి. సామాన్యముగా రుసుము మూడు వాయిదాలలో వచ్చును: పని ప్రారంభమున నూటికి ముప్పది, చిత్తు నివేదిక ఇచ్చినప్పుడు నలుబది, తుది నివేదిక ఆమోదింపబడిన పిమ్మట ముప్పది. అందులో పదియవ వంతును ఆదాయపు పన్ను క్రింద ముందే పట్టుకొందురు. వాయిదా చేతికి రాకపోయినను, బిల్లు వ్రాసిన నెలను బట్టి జి.ఎస్.టి. మాత్రము కట్టవలసివచ్చును. చిన్న సంస్థకు రావలసిన బాకీని 45 దినములలోగా చెల్లింపవలెననియు, ఆలస్యమైనచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ ఇయ్యవలెననియు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము విధించినది. చట్టము మంచిదే. నేనెరిగినంతలో ఆ కార్యాలయములో దానిని ఎవరును ఎన్నడును ఉపయోగించుకొనలేదు. వడ్డీ అడిగినవానికి రెండవసారి పని రాదు.

ఆ మూడవ వాయిదాను కొంచెము ఆగి చూడవలెను. తుది నివేదికను ఆమోదించువారెవరు? ఎవరి పనిని పరీక్షించుటకు ఈ సంస్థ పిలువబడినదో వారే. పరీక్ష వ్రాసినవాడు దిద్దినవానికి కూలి ఇయ్యవలెను, మార్కులు చూచిన తరువాత ఇయ్యవలెను! ఇది ఏ ఒక్కరి దుర్మార్గము కాదు. పని అట్లు అమర్చబడినది.

ఈ అమరిక ప్రపంచములో క్రొత్తది కాదు. రాజుల మొదటి గ్రంథము ఇరువదిరెండవ అధ్యాయములో అహాబు రామోత్గిలాదు మీదికి యుద్ధమునకు పోదలచి ప్రవక్తలను పిలిపించెను. సుమారు నాలుగు వందలమంది వచ్చి, పొమ్మని ఏకకంఠముగా చెప్పిరి. ఇమ్లా కుమారుడైన మీకాయాను పిలుచుటకు పోయిన దూత దారిలో అతనికి ఒక హితవు చెప్పెను: తక్కినవారు చెప్పినట్లే నీవును చెప్పుము. ఆ దూతను వ్యాఖ్యాతలు అంతగా పట్టించుకొనరు. నాకు మాత్రము అతడు దుష్టుడుగా తోచడు. అతడు మీకాయా మేలు కోరినవాడే. నేటి భాషలో చెప్పవలెనన్న, అతడు మూడవ వాయిదాను జ్ఞాపకము చేసిన గుమాస్తా.

పెద్ద సంస్థలలో ఈ వ్యాధి వచ్చినప్పుడు లోకము చట్టము చేయును. అమెరికాలో ఎన్రాన్ కంపెనీ లెక్కలను తనిఖీ చేసిన ఆర్థర్ ఆండర్సన్ సంస్థ 2000 సంవత్సరములో ఆ కంపెనీనుండి తనిఖీకి రెండున్నర కోట్ల డాలర్లు, సలహాలు మొదలగు ఇతర సేవలకు అంతకంటె ఎక్కువగా రెండు కోట్ల డెబ్బది లక్షల డాలర్లు పుచ్చుకొనెను. 2001 డిసెంబరులో ఎన్రాన్ దివాలా తీసెను. మరుసటి సంవత్సరము అమెరికా కాంగ్రెసు సార్బేన్స్–ఆక్స్లీ చట్టము చేసి, తనిఖీ చేయు సంస్థ అదే కంపెనీకి చేయరాని ఇతర సేవలను నిర్ణయించెను. మన దేశపు 2013 నాటి కంపెనీల చట్టములోను అట్టి నిషేధము కలదు. చట్టము చూపిన ఉపాయము వేరుచేయుట: తూచు చేయి వేరు, అమ్ము చేయి వేరు. కాని తొమ్మిదిమంది ఉన్న చోట దేనిని దేనినుండి వేరుచేయగలము? అక్కడ నిజము వ్రాయు చేయియు, జీతము పంచు చేయియు ఒకే మనిషివి.

ఒక దృష్టాంతమును కొంచెము వివరముగా చెప్పెదను. 2014లో ఈ సంస్థకు నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడు పీడిత గ్రామములలో ఒక దాతృసంస్థ నెలకొల్పిన నీటి శుద్ధి కేంద్రములను పరీక్షించు పని దొరకెను. మిషన్ భగీరథ కుళాయిలు ఇంకను రాని కాలమది. ఆ పథకము 2016లో ప్రారంభమయ్యెను. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు వరకు అంగీకారయోగ్యమనియు, వేరు నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింపవచ్చుననియు భారత ప్రమాణము ఐ.ఎస్. 10500 చెప్పుచున్నది. ఆ ప్రాంతపు బోరు నీటిలో అంతకు మించి ఉండుటయు, వంగిన కాళ్ళు, బిగిసిపోయిన నడుములు, చారలు పడిన పండ్లు కలవారు అచ్చట కనబడుటయు జగమెరిగిన సంగతి. ఫ్లోరైడు కాచినందున పోవునది కాదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో మరింత చిక్కబడును. ఎముకలలో చేరినదానిని మరల తీసివేయు మందు లేదు. కాబట్టి మంచి నీరు దినదినము త్రాగిననే మేలు. నెలకు రెండుసార్లు త్రాగినందున ప్రయోజనము లేదు.

కేంద్రములు బాగుగానే నడుచుచుండెను. ఇరువది లీటర్ల క్యాను కొద్ది రూపాయలకు అమ్ముచుండిరి. ప్రశ్నావళిలో ఒక ప్రశ్నను, మీ ఇంట ఈ కేంద్రపు నీరు వాడుచున్నారా అని నేనే తెనిగించితిని. ఇంగ్లీషు మూలములోను వాడుట అన్న మాటయే యున్నది. జవాబునకు రెండు గడులు: అవును, కాదు. ఎక్కువ ఇండ్లలో అవును గడిలోనే గుర్తు పడెను. అయితే పర్యవేక్షకురాలు అనుభవము గలది. గుర్తు పెట్టిన పిమ్మట కూడ పీటమీదనుండి లేవక మాటలు సాగించునది. ఒక ఇల్లాలితో, “రోజూ తెచ్చుకుంటరా అమ్మా?” అని అడిగెను. “రోజూ యాడ తెస్తం అక్కా? చుట్టాలొచ్చినప్పుడు తెస్తం. మాకు బోరు నీళ్ళే” అని ఆమె జవాబిచ్చెను. పర్యవేక్షకురాలు దానిని పుట అంచున వ్రాసికొనెను. తరువాతి ఇండ్లలోను అదే అడిగించెను. ఒక గ్రామము తరువాత ఒక గ్రామములో అంచులు నిండెను.

ఇంగ్లీషు చిత్తు నివేదికలో అధిపతి రెండును వ్రాసెను: ఎక్కువ కుటుంబములు వాడుచున్నవని, అయితే దినదినము త్రాగువారు కొద్దిమందియేనని, కొనలేనివారి పిల్లలు పూర్వపు నీరే త్రాగుచున్నారని. దాతృసంస్థనుండి వ్యాఖ్యలు వచ్చెను. ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. అట్టి వ్యాఖ్యలన్నియు ఒత్తిడి కావు. ఒక గ్రామములో కేంద్రము మూతబడియున్నదని నివేదికలో వ్రాసిరి. ఆ వారము ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినదని, మరుసటి వారమే తెరచితిమని దాతృసంస్థవారు కాగితములు చూపిరి. అధిపతి వెంటనే దిద్దెను. పది దినములు తిరిగినవానికంటె పది సంవత్సరములు అచ్చట నున్నవానికి ఎక్కువ తెలియుట సహజము. పరీక్షించువాడు తాను చూచినదే సమస్తమని తలంచినయెడల అదియు ఒక విధమైన అబద్ధమే.

కాని దినదినము త్రాగుటను గూర్చిన పేరాను వారు కాదనలేదు. దానిని ముఖ్య భాగమునుండి తీసి అనుబంధములో పెట్టుమనిరి, ‘త్రాగుట లేదు’ అనుటకు మారుగా ‘వాడుక పెరుగుటకు అవకాశము కలదు’ అని వ్రాయుమనిరి. గమనింపుడు, అబద్ధము వ్రాయుమని వారు అడుగలేదు. ఎవరును అట్లు అడుగరు. అనువాదకునిగా ఈ మెట్లు దిగుటను నేను పలుమారు చూచితిని. “మాకు బోరు నీళ్ళే” అని తెలుగులో పుట్టిన మాట, వినియోగము పరిమితమని ఇంగ్లీషులో నడచి, వినియోగము పెరుగుచున్నదని సారాంశములో కూర్చుండును. ఏ మెట్టు దగ్గర అబద్ధమైనదో వ్రేలు పెట్టి చూపుట కష్టము. నిఘంటువు ప్రతి మెట్టును సమర్థించును.

అధిపతి పేరాను కదల్చలేదు. ఒక శీర్షికను మాత్రము మెత్తబరచెను. అంతమాత్రము నాకును సమ్మతమే. మూడవ వాయిదా నిలిచిపోయెను. ఆ నెల జీతములు రెండు వారములు ఆలస్యమాయెను, మరుసటి నెల సగమే వచ్చెను, అధిపతి నాలుగు నెలలు ఏమియు తీసికొనలేదు. ఒక దినము నేను పుటలు అప్పగించుటకు పోయినప్పుడు, లెక్కలను కంప్యూటరులో ఎక్కించు యువకుడు, అప్పుడే పెండ్లియైనవాడు, అందరియెదుట వినయముగానే అడిగెను: “సార్, మీరు నిజం రాస్తున్నరు, మంచిదే. ఆ నిజానికి పైసలు మాత్రం మా జేబులకెల్లి పోతున్నయి గద?”

గదిలో ఎవరును మాటలాడలేదు. నేను చదివిన నీతిశాస్త్ర గ్రంథములలో ఇంత సూటియైన ప్రశ్నను అరుదుగా చూచితిని. మనము సత్యవాదులను మెచ్చుకొనునప్పుడు, ఆ సత్యమునకు వెల చెల్లించినవారిని లెక్కింపము. మీకాయా చెరసాలకు పోయెను. అయితే మీకాయాకు తొమ్మిదిమంది ఉద్యోగులు లేరు. అతడు తినిన కష్టపు రొట్టె అతని రొట్టెయే. ఒంటరివానికి దొరకు స్వేచ్ఛ నలుగురికి అన్నము పెట్టువానికి దొరకదు. నలుగురి అన్నమును పణముగా పెట్టి నేను సత్యవంతుడనని అనుకొనుటలో ఒక గర్వముండవచ్చును. ఆ యువకుని ప్రశ్నలో దాగిన ముల్లు అదియే.

అట్లని జీతముల కొరకు పేరాను కదల్చవలసినదా? కొందరు మిత్రులు, అనుబంధములోనైనను నిజము ఉన్నదే కదా, కుటుంబములు గడచునవి కదా అనిరి. నేను ఒప్పుకొనలేను. అనుబంధమును ఎవరు చదువుదురు? మరుసటి సంవత్సరపు డబ్బు ఏ గ్రామమునకు పోవలెనో నిర్ణయించువాడు మొదటి రెండు పుటలు చదువును. అచ్చట ‘వాడుచున్నారు’ అని యుండినచో, కొనలేని ఇంటికి క్యాను ఎట్లు చేర్చవలెనను ప్రశ్న పుట్టనే పుట్టదు. పండ్లు గట్టిపడు వయస్సులో నున్న బిడ్డ ఆ సంవత్సరమంతయు బోరు నీరు త్రాగును. యువకుని సగము జీతము తరువాతనైనను చెల్లింపబడును, చెల్లింపబడినది కూడ. ఆ బిడ్డ ఎముకలలో చేరినదానికి రెండవ వాయిదా లేదు. నష్టములన్నియు సమానములు కావు. మరల పూడ్చగలిగిన నష్టము, పూడ్చలేని నష్టము అని ఉండును. ఇంటిముందు పీటవేసి జవాబిచ్చిన ఆ ఇల్లాలు సంస్థకు రుసుము ఇయ్యలేదు, ఉద్యోగియు కాదు. అయినను నివేదిక నిలిచినది ఆమె మాటమీదనే.

అయితే ఒక విషయములో యువకుని పక్షమే సరియని నాకు తోచినది. ఏమి వ్రాయవలెనను విషయము ఓట్లకు పెట్టదగినది కాదు. నిజము మెజారిటీతో మారదు. దానివలన వచ్చు నష్టమును ఎట్లు పంచుకొనవలెనన్నది మాత్రము అందరు కూర్చుండి మాటలాడవలసినది, అదియు నష్టము రాకముందే. అధిపతి మొదటిదానిని ఒంటరిగా నిర్ణయించెను, అది తగును. రెండవదానిని కూడ ఒంటరిగా నిర్ణయించెను. తాను నాలుగు నెలలు జీతము మానుకొన్నందున తన బాధ్యత తీరినదనుకొనెను. అధిపతికి సొంత ఇల్లుండెను. యువకునికి అద్దె ఇల్లు. ఒకే ఉపవాసము ఇద్దరి కడుపులను ఒకే విధముగా బాధింపదు.

ఆ తరువాత ఆ కార్యాలయములో రెండు పద్ధతులు వచ్చెను. క్రొత్తగా చేరువానికి, సంవత్సరములో రెండు మూడు నెలలు జీతము ఆలస్యము కావచ్చును, కారణమిది అని చేరు దినముననే చెప్పుట మొదటిది. అది విని వెళ్ళిపోయినవారును కలరు. వారిని తప్పు పట్టనక్కరలేదు. రెండవది, ఏ ఒక్క సంస్థనుండియు మొత్తము ఆదాయములో మూడవ వంతుకు మించి రాకుండ చూచుకొనుట. ఇందుకొరకు వారు ఒక ఆసుపత్రి పాత రికార్డులను కంప్యూటరులో ఎక్కించుట, శిక్షణ తరగతులకు పుస్తకములు అచ్చొత్తించి ఇచ్చుట వంటి పనులు పట్టిరి. వాటిలో జ్ఞానము లేదు, పేరు లేదు. డాక్టరేట్లు గల ఒకరిద్దరు చిన్నబుచ్చుకొనిరి. నాకు కొరింథులో గుడారములు కుట్టిన పౌలు జ్ఞాపకము వచ్చెను. గుడారముల పని ఆయన బోధకు సంబంధించినది కాదు. అయినను ఆ సూదియే ఆయన బోధను ఎవరి చేతిక్రిందను ఉంచకుండ కాపాడినది. ఫిలిప్పీవారి కానుకను మాత్రము ఆయన సంతోషముతో పుచ్చుకొనెను. కూలి తీసికొనుటలో తప్పు లేదు. ఎవరియొద్ద కాదనగల శక్తి తనకు మిగిలియున్నదో వారియొద్ద తీసికొనవలెను. ఆ శక్తి లేని దినమున ఆ పనిని మొదటనే ఒప్పుకొనకుండుట మేలని నా అభిప్రాయము. ఈ చివరి మాటకు అధిపతి నవ్వి, మీరు నెలాఖరున కార్యాలయమునకు రండి అనెను.

వాయిదా ఏడు నెలలకు వచ్చెను. ఆ దాతృసంస్థ మరల పని ఇయ్యలేదు. యువకుడు మరుసటి సంవత్సరము బ్యాంకు ఉద్యోగమునకు వెళ్ళెను. వెళ్ళిన తరువాత కూడ ఆదివారములు లెక్కల పనిలో సాయము చేయుచుండెను.

నివేదిక ఇంగ్లీషులో నుండెను. దాని సంగతి ఆ గ్రామములవారికి ఎవరు చెప్పవలెను? ఒప్పందములో ఆ పని లేదు. నేను నాలుగు పుటల తెలుగు సంగ్రహము వ్రాసి, సగము రుసుము తీసికొంటిని. పర్యవేక్షకురాలు దానిని పట్టుకొని ఒక గ్రామమునకు పోయినప్పుడు నేనును వెంట పోతిని. శుద్ధి కేంద్రపు రేకుల నీడలో పదిహేనుమంది స్త్రీలు కూడిరి. ఆమె చదువుచుండగా, చుట్టములు వచ్చినప్పుడే ఈ నీరు తెచ్చుకొందురు అన్న చోట స్త్రీలు ఒకరినొకరు చూచుకొని నవ్విరి. ఆ మాట మొదట చెప్పిన ఇల్లాలు ముందుకు జరిగి అనెను: “చుట్టాలకే గాదక్కా, పిల్లలకు జరమొచ్చినా తెస్తం. అది రాయలే మీరు.” మందులు వేసుకొనుటకు మాత్రమా, జ్వరము తగ్గువరకు త్రాగుటకా అని పర్యవేక్షకురాలు అడిగెను. తగ్గువరకని వారు చెప్పిరి. ఆమె దానిని పుట అంచున వ్రాసికొనెను. అప్పటికి తుది నివేదిక ఆమోదము పొంది నెల దినములైయుండెను.